ఏడు వేల చుట్లు

"గిటారుకు వైండింగా? నేను బోరు మోటార్లు చుట్టేటోణ్ని భాయ్. పొద్దుపొద్దుగాల నన్నెందుకు పరేషాన్ చేస్తవు?" అన్నాడు మహమ్మద్.

యాకయ్య కదిలితే కదా! సంచీలోంచి గుడ్డమూట తీసి బల్లమీద విప్పాడు. చితికిపోయిన పికప్‌లు రెండు. ఎలక్ట్రిక్ గిటారులో తీగల కింద ఉండే అయస్కాంతాలివి. చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగితీగ చుట్టి ఉంటుంది. గిటారు గొంతంతా అందులోనే ఉంటుంది. ఇప్పుడా తీగ చిక్కుపడ్డ పీచులా ఉంది. సందుల్లో నల్లగా ఏదో ఎండి గట్టిపడింది.

"మా శ్యాంది. అరువైలనాటి గిటారు. దవాఖానల ఉన్న మిషనరీ డాక్టరమ్మ పోతపోత మా నాయినకు ఇచ్చింది. మానుకోట రైల్ రోకోల లాఠీలు పడ్డయి. తుకడా తుకడా అయింది."

"మరి పిలగాడు?"

"కేసు పెట్టిన్రు. పదకొండు నెలలాయె జైల్ల వడి."

మహమ్మద్ నాలుక చప్పరించాడు. తెలంగాణ కోసం పట్టాల మీద కూచున్న పిల్లల మీద కేసుల్లేని వాడ ఏది? జనగామలో ఆయన కొడుకు తౌఫీక్ కూడా మోకాలి మీద లాఠీ దెబ్బ తిన్నవాడే.

"ఇరవై రోజుల్ల పేషీ ఉన్నది. గా దినానికి గిటారు ఎట్లుండెనో అట్లనే ఉండాలె. లేకుంటే నా కొడుకు బతకడు, భాయ్" అన్నాడు యాకయ్య.

యాకయ్యది భూపాలపల్లి. వడ్రంగం పని. పాత టేకు తలుపు కోసి గిటారు చెక్క తానే చేస్తున్నాడట. చేతకానిది ఈ చుట్టుడు పనొక్కటే.

"భూపాలపల్లి నుంచి గింత దూరం వచ్చినవా? దగ్గర్ల ఎవ్వరు దొరకలేదా?"

"నీ చెయ్యి మంచిదని చెప్పిన్రు."

అంతే, మహమ్మద్ ఉబ్బిపోయాడు. పొగిడితే పడనివాడు జనగామలో ఇంకా పుట్టలేదు.

"అయితే ఒక మాట. హైదరాబాద్‌ల రెడీమేడ్ దొరుకుతయ్. కొత్తవి, నంబర్ వన్. గుయ్యిమని రొద కూడ రాదు."

"వద్దు. పాతదానికి రొద వచ్చేది. గదే రొద కావాలె."

అయస్కాంతాలను పెట్రోలుతో కడిగాడు మహమ్మద్. ఆ నల్ల మరక ఎంతకీ వదల్లేదు. చివరికి బ్లేడుతో గీకి పారేశాడు. సన్నతీగ తెప్పించి, దుకాణం షట్టరు సగం దించి మూడు జతలు చుట్టాడు. ఒకటి ఆరు వేల చుట్లు. ఒకటి ఏడు. ఒకటి ఎనిమిది. మధ్యలో తీగ తెగితే మళ్లీ మొదటికి. గౌసియా బేగం టీ తెచ్చి, "రైతులు మోటార్ల కోసం మొత్తుకుంటున్నరు. నువ్వేమో దారం చుట్టుకుంట కూసున్నవు" అని దెప్పింది.

"పిలగాని పానం, బేగం. నీకు తెల్వదు" అన్నాడు.

పేషీకి మూడు రోజుల ముందు భూపాలపల్లి వెళ్లాడు. గిటారు చూసి నోరెళ్లబెట్టాడు. యాకయ్య తెల్లరంగు మీద టీ డికాషన్ పూసి పసుపు రంగుకు తెచ్చాడు. బెల్టు బిళ్ల రాసుకున్నచోట గీతలు. మరలకు తుప్పు. గోడమీది క్రిస్మస్ ఫోటోలో శ్యాం చేతిలో ఉన్నదీ ఇదీ ఒక్కటే, వేరు కాదు.

సెల్‌ఫోనులో శ్యాం వాయించిన పాట పెట్టుకుని ఇద్దరూ విన్నారు. ఆరు వేలది పీలగా పలికింది. ఎనిమిది వేలది అరిచింది. ఏడు వేలది బిగించగానే యాకయ్య చెయ్యెత్తాడు.

"గిదే!"

అప్పుడే పాస్టరు గారికి కబురు పంపాడు. తొమ్మిదేళ్లు ప్రతి ఆదివారం ఆ గిటారు పక్కన నిలబడి వాక్యం చెప్పిన మనిషి. ప్రాణం పోయినా అబద్ధమాడడని ఊళ్లో పేరు.

"కొత్తదని చెప్పకు, భాయ్. ఆయన చెవి పట్టకుంటే మనం గెలిచినట్టే" అన్నాడు యాకయ్య గుసగుసగా.

మహమ్మద్‌కు భలే నచ్చింది. పనివాడికి ఇంతకన్నా పరీక్ష ఏముంటుంది!

పాస్టరు గారు గిటారును ఒళ్లో పెట్టుకున్నారు. రొద వినగానే నవ్వారు. తీగలు మీటగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎన్ని దినాలాయె దీని గొంతు విని!"

"అనుమానం లేదుగద అయ్యగారూ?"

"నా సంఘం గిటారు నాకు తెల్వదా, యాకయ్యా?"

యాకయ్య నేలమీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. మహమ్మద్ కూడా కళ్లు తుడుచుకున్నాడు. బయల్దేరుతుంటే యాకయ్య వెంటవచ్చి, పాత తీగ ముక్కలన్నీ తిరిగి ఇవ్వమన్నాడు. ఒక్కటి కూడా దుకాణంలో ఉంచొద్దన్నాడు. కొడుకు నిషానీ కదా, దాచుకుంటాడు అనుకున్నాడు మహమ్మద్.

పేషీ నాడు మనసాగక తనూ కోర్టుకు వెళ్లాడు. గిటారు చూసి ఆ పిల్లవాడి మొహం ఎట్లా వెలుగుతుందో చూడాలి కదా! వెనక బల్లమీద సర్దుకుని కూచున్నాడు. ముందు వరుసలో ఒక లంబాడా పడుచు, ఒళ్లో పాపతో, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఎవరి కష్టమో ఏమో, పాపం.

శ్యాంను తెచ్చారు. బల్లమీది గిటారును ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. మళ్లీ ఎత్తలేదు.

పాస్టరు గారు బోనెక్కి బైబిలు మీద చెయ్యి పెట్టారు.

"ఇది శ్యాం గిటారే. వానికి ఇంకో గిటారు లేదు. దేవుని సాక్షిగ చెప్తున్న."

గిటారుకు సాక్ష్యమేందిరా అని ఆశ్చర్యపోయాడు మహమ్మద్. అయినా లోలోపల గర్వంగానే ఉంది.

శ్యాం తరఫు లాయరు లేచి గిటారును రెండు చేతులా పైకెత్తాడు.

"ఈ గిటారు ముక్కలయ్యేదాకా తలమీద కొట్టి కానిస్టేబుల్ వాల్యాను శ్యాం చంపాడంటున్నారు, యువర్ ఆనర్... చూడండి, దీనికి చిన్న పగులు కూడా లేదు!"