గ్యాస్ బోను తాళంచెవి

"తాళంచెవి మా చేతికొచ్చేదాకా పొయ్యి వెలగదు," అంది కరెంటక్క.

పెద్ద మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆ భవనంలో ఆమె మాటే శాసనం. అక్కడున్న అరవై ఇద్దరు ఆడవాళ్ళలో ఇప్పటిదాకా ఒక్కరూ ఆమెకు ఎదురు చెప్పి ఎరుగరు.

"ఏ తాళంచెవి?"

"వంటగది వెనక సిలిండర్లున్న గ్యాస్ బోనుది. మొన్న భూమి కదిలినప్పుడు వంటగదిలో గిన్నెలన్నీ కింద పడ్డాయి. ఆ ఊపుకి పైపు ఊడి ఉంటే? ఆపే వాల్వేమో బోనులో. బోనుకి తాళం. దాని చెవి మీ బీరువాలో. బీరువా తాళంచెవి మీ నడుముకి. మీరొచ్చేలోపు మేం బూడిదైపోతాం."

"మిమ్మల్ని నమ్మి తాళంచెవులు ఇచ్చే పద్ధతి ఇక్కడ లేదు."

"నమ్మమని అడగట్లేదు మేడమ్. తాళంచెవి అడుగుతున్నాం."

కరెంటక్క ఇరవై ఏళ్ళు ఇళ్ళకు వైరింగ్ చేసిన మనిషి. భర్త కింద నిచ్చెన పట్టుకుంటే తను పైకెక్కేది. ఇక్కడికొచ్చి నాలుగేళ్ళయినా ఆ చూపు పోలేదు. ఏ గదిలో అడుగుపెట్టినా కళ్ళు ముందు స్విచ్ బోర్డు మీదకే పోతాయి.

ఆ రోజు పొయ్యి వెలగలేదు. మర్నాడూ వెలగలేదు. వంట చేసే పన్నెండు మందీ గరిటెలు కడిగి బోర్లించి కూర్చున్నారు. మేడమ్ బెదిరించింది. బుజ్జగించింది. బయటి నుంచి వంటవాళ్ళను తెప్పిస్తానంది. కడుపులు మాడుతున్నా ఎవరూ మెత్తబడలేదు.

"రెండు రోజులు తినకపోతే చావం గానీ, తాళమేసిన గ్యాసుతో మాత్రం తప్పకుండా చస్తాం," అంది మోకాళ్ళ నొప్పుల బామ్మ, గోడకి ఆనుకునే.

మూడోనాడు మేడమ్ దిగివచ్చింది. వంటగది గోడకి చిన్న అద్దాల పెట్టె బిగించారు. అందులో తాళంచెవి వేలాడదీశారు.

ఆదివారం నుంచి సాధన మొదలైంది. గ్యాస్ పని కరెంటక్కది. వరండా చివర ఉన్న కరెంటు మెయిన్ దించడం కుట్టుపని చేసే, అందరూ చెల్లెలని పిలిచే పిల్లది. పెరట్లో నీళ్ళ ట్యాంకు వాల్వ్ బామ్మది. బయటికి వచ్చినవాళ్ళను లెక్కపెట్టడం టీచరమ్మ వంతు.

"నీళ్ళాపడం దేనికే? మంటలొస్తే నీళ్ళు కావద్దూ?" అంది బామ్మ.

"పైపులు పగిలితే ట్యాంకు అరగంటలో ఖాళీ అయిపోద్ది బామ్మా. ఆపామంటే ఇంతమందికీ రెండు రోజులు తాగడానికి ఉంటాయి. నువ్వెలాగూ ట్యాంకు పక్కనే కూర్చుని ఎండ కాగుతుంటావు. చెయ్యి చాపితే చాలు."

కరెంటక్క వంటవాళ్ళను బోను ముందు నిలబెట్టి వాల్వ్ చూపించింది. "ఈ పిడి పైపు వెంబడే ఉంటే గ్యాస్ వస్తున్నట్టు. అడ్డం తిప్పితే ఆగినట్టు. ఒకసారి ఆపాక మళ్ళీ తిప్పాల్సింది గ్యాస్ కంపెనీ మనిషే, మనం కాదు. వాసన వచ్చేచోట ఏ స్విచ్చూ ముట్టొద్దు. వెయ్యడానికీ వద్దు, ఆపడానికీ వద్దు."

"భూకంపం ఉత్తరం రాసి వస్తుందా అక్కా, ఆదివారం పదింటికి వస్తున్నానని?" అంది ఒకామె. అందరూ పగలబడి నవ్వారు. కరెంటక్క నవ్వలేదు. మొదటి నుంచి మళ్ళీ చేయించింది.

అది బుధవారం వచ్చింది. పగలు పదకొండింటికి, అన్నం సగం ఉడికి ఉండగా.

ముందు నేల గుర్రుమంది. తర్వాత వంటగది జల్లెడలా ఊగింది. వంటవాళ్ళు పొయ్యిలు ఆర్పి గట్టు కిందికి దూరారు. పెద్ద డేక్సా దొర్లిపడి గ్యాస్ పైపును కొట్టింది. ఊపు ఆగిన క్షణంలో అందరికీ ఒకటే చప్పుడు వినిపించింది. బుస్సుమని.

కరెంటక్క గరిటెతో అద్దం పగలగొట్టింది. వెనక బోను దగ్గరికి పరిగెత్తింది. తాళంచెవి రెండుసార్లు తప్పింది. మూడోసారి పడింది. పిడి అడ్డం తిప్పింది. బుస ఆగింది. వాసన మాత్రం వంటగదీ నడవా అంతా కమ్ముకుని ఉంది.

ఎవరైనా మిగిలారేమోనని లోపలికి తిరిగివచ్చేసరికి నడవాలో మేడమ్ కనిపించింది. తలంతా సున్నం. వేలు గోడ మీది బెల్ స్విచ్ మీదకు పోతోంది. కరెంటక్క ఒక్క అంగలో వెళ్ళి ఆ మణికట్టు పట్టేసింది.

"వదులు. బెల్ కొట్టాలి. అది రూలు."

"వాసన తెలియట్లేదా మేడమ్? ఒక్క నిప్పురవ్వ చాలు."

"నా చెయ్యి పట్టుకున్నావ్. దానికి ఏమవుతుందో తెలుసా నీకు?"

"తెలుసు. తర్వాత రాసుకోండి. ముందు బయటికి నడవండి."

నడవకపోతే ఈడ్చుకుపోయేలా ఉంది. మేడమ్ నడిచింది.

పెరడంతా దుమ్ము. మెయిన్ దించేశానని చెల్లెలు వరండా చివర నుంచి కేకేసి చెప్పింది. బామ్మ వాల్వ్ మూసి, ఎవరైనా తిప్పుతారేమోనన్నట్టు దాని మీద చెయ్యేసి నిటారుగా నిలబడింది. మిగతావాళ్ళు గోడలకు దూరంగా వరసల్లో ఉన్నారు. కొందరు దగ్గుతున్నారు. ఒకామె ఏడుస్తోంది, అయినా వరసలోనే ఉంది.

"లెక్క తేలేదాకా ఎవరూ కదలొద్దు," అంది కరెంటక్క.

టీచరమ్మ వేలు చూపిస్తూ లెక్కపెట్టింది. మళ్ళీ ఒకసారి లెక్కపెట్టింది.

"అరవై రెండు," అంది. "అందరం ఉన్నాం."

మేడమ్ మణికట్టు రుద్దుకుంటూ తనూ లెక్కపెట్టుకుంది. అంతే వచ్చింది. నమ్మలేనట్టు తూర్పు వైపు చూసింది.

దుమ్ము మెల్లగా అణిగింది. అటు వైపు ప్రహరీ మొత్తం నేలమట్టమైంది. అవతల రోడ్డూ, రోడ్డు మీద ఆగిపోయిన బస్సూ, దాని తెరిచిన తలుపూ తేటగా కనిపిస్తున్నాయి.

అరవై ఇద్దరు ఖైదీల్లో ఒక్కరు కూడా ఆ వైపు అడుగు వెయ్యలేదు.