రాయని నియమం

"ఈ కణాలు చావవేం?"

మాస్టారు తెర మీద వేలు పెట్టి అడిగారు. పక్కన నిలబడ్డ శిష్యురాలు తల వంచుకుంది.

ఆ గదిలో వాళ్ళిద్దరి పనీ ఒకటే. మనిషి ఒంట్లో రక్తాన్ని పుట్టించే కణాల నడత అంతా కంప్యూటరుకి తెలిసే భాషలో నియమాలుగా రాయడం. బలం ఉంటే కణం రెండవుతుంది, అదొక నియమం. ముదిరితే చస్తుంది, అదింకొకటి. అన్నీ రాసి నడిపిస్తే ఆ మనిషికి ఇంకెన్నాళ్ళ ఆయువుందో తెర చెప్పేస్తుంది. ఆ భాషతో ఒకటే చిక్కు. రాయనిది జరగదు.

"చావు నియమం రాయలేదు మాస్టారూ."

"మర్చిపోయావా?"

ఆమె బల్ల మీది కొలతల కాగితాన్ని వెనక్కి జరిపింది. మాస్టారికి ఒళ్ళు మండింది.

"నువ్వు రాయకపోతే తెర మీద చావదు, అంతే. ఒంట్లో చస్తూనే ఉంటుంది. రేపు ఇది చూసి డాక్టర్లు 'మీకేం, బాగానే ఉన్నారు' అని పంపించేస్తే, ఆ ప్రాణం ఎవరి మెడకి చుట్టుకుంటుంది?"

"రేపు రాస్తాను. ఈ ఒక్క పూటకి వదిలేయండి."

"రేపటిదాకా ఎందుకు? తప్పుకో."

కుర్చీ లాక్కుని ఆయనే కూర్చున్నారు. మనిషికొక వరుసగా ఉన్న ఆ కొలతల కాగితంలో పదమూడో వరుస వెతికి పట్టుకుని, చావు నియమం ఒక్క వాక్యంలో కొట్టి, నడిపించారు. గీత కొంతదూరం తిన్నగా వెళ్ళింది. ఆపైన జారి జారి అడుక్కి చేరింది.

"పంతొమ్మిది వారాలు," అన్నారు. "పాపం. మందు ఈ వారమే మొదలుపెడితే ఇంకా ఆశ ఉంది. జాలిపడి దాచకూడదమ్మా, దాస్తే మనమే చంపినట్టు. ఫోన్ చెయ్. ఇంట్లోవాళ్ళని వెంటబెట్టుకుని పొద్దున్నే ఆస్పత్రికి రమ్మను."

ఆమె ఫోన్ తియ్యలేదు. కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

మాస్టారికి అప్పుడు తట్టింది. "ఉండుండు. ఆస్పత్రి పంపింది పన్నెండుమంది రక్తమే కదా. ఈ పదమూడో ఆయనెవరు?"

"సరిపోల్చుకోడానికి ఏ జబ్బూ లేనివాళ్ళ రక్తం ఒకటి కావాలంటే, ఆ రోజు మీరే చొక్కా చెయ్యి మడిచారు మాస్టారూ."