నాలుగో వేలు

పక్క తరగతిలో పిల్లలు గొల్లున నవ్వారు.

ఇక్కడ బోర్డు మీద రైలు బొమ్మ గీస్తున్న అక్క చేతిలో సుద్దముక్క పుటుక్కున విరిగింది.

వాళ్ళను నవ్వించింది చెల్లెలు. సొంత చెల్లెలేం కాదు, పిన్ని కూతురు. వయసులో ఆరు నెలలు చిన్నది, మార్కుల్లో మాత్రం ఎప్పుడూ ముందే. ఇద్దరూ టీచర్ ట్రైనింగు చివర్లో, నలభై రోజులు పాఠాలు చెప్పడానికి ఈ బడికే వచ్చారు. ఆఖరిరోజు పరీక్ష పాఠం. బాగా చెప్పిన ఒక్కరిని ఇక్కడే టీచరుగా ఉంచుకుంటామని హెడ్మిస్ట్రెస్ ముందే చెప్పింది.

ఒక్కరినే.

ట్రైనీ పాఠం చెబుతుంటే చివరి బెంచీలో ఒక టీచరు కూర్చుని, పరిశీలన పుస్తకంలో రాయాలి. చెల్లెలికి సీనియర్ టీచరు దొరికింది. పేజీలకు పేజీలు పొగడ్తలే.

అక్కకు దొరికింది లీవు మాస్టారు. ఎవరు సెలవు పెడితే వాళ్ళ క్లాసులో కూర్చునే పెద్దాయన. టైంటేబుల్లో ఆయన పేరే ఉండదు. పాఠం జరుగుతున్నంతసేపూ వేళ్ళు ఒక్కొక్కటే ముడుస్తూ, మళ్ళీ తెరుస్తూ కూర్చుంటాడు. చివర్లో ఒక్క ముక్క రాస్తాడు.

ఇవాళా అదే ముక్క. ‘కిటికీ పక్క పాప ఏమంది?’

“ఆ పిల్ల ఏమీ అనదండీ! నోరు తెరిస్తేగా!”

“తెరుస్తుందమ్మా.”

ఇంకేదో చెప్పబోయి, బోర్డు మీది రైలు వైపు చూసి ఊరుకున్నాడు.

సాయంత్రం బస్సులో అక్క మామూలుగా అడిగినట్టే అడిగింది.

“నీ క్లాసులో పిల్లలు అంత బాగా ఎలా మాట్లాడతారే?”

“ఒక బ్లాగు చదువుతానక్కా. ‘పాడైన పాఠాలు’ అని. ఎవరో టీచరు రాస్తారు, పేరు పెట్టుకోరు. లింకు పంపనా?”

“నాకెందుకమ్మా? నాకు సొంత బుర్ర ఉంది.”

ఆ సొంత బుర్ర ఇంటికి వెళ్ళగానే బాత్రూం తలుపేసుకుని బ్లాగంతా చదివేసింది.

కిటుకులుంటాయనుకుంది. ఒక్కటీ లేదు. అన్నీ ఓటములే. ‘ఇవాళ భిన్నాలు చెప్పాను. ఇద్దరికే అర్థమైంది. ఆ ఇద్దరికీ ముందే వచ్చు.’ ‘ఇవాళ ఒక పాపను అనవసరంగా కసిరాను. రేపు క్లాసులోనే క్షమాపణ అడగాలి.’ ప్రతి పోస్టు కిందా ఎక్కడెక్కడి ట్రైనీలో వందలమంది దండాలు పెడుతున్నారు.

చెల్లెలి మీది కుళ్ళు చాలదన్నట్టు, మొహం తెలియని ఈ మనిషి మీద కూడా కుళ్ళు పుట్టింది. పాఠాలు పాడుచేసుకున్నందుకు ఇన్ని దండాలా!

దొంగపేరుతో కామెంటు పెట్టింది. ‘ఇన్ని పాఠాలు పాడుచేసినవాళ్ళు ఇంకొకరికేం నేర్పుతారు?’

పది నిమిషాల్లో జవాబు వచ్చింది. ‘పాడైన చోటు చూపించగలను.’

అక్కకు ఒళ్ళు మండింది. ఇక ఆ బ్లాగు మొహం చూడనని ఒట్టేసుకుంది.

పరీక్ష పాఠానికి ముందురోజు నేరుగా హెడ్మిస్ట్రెస్ గదికి వెళ్ళింది.

“మేడమ్, మాస్టారు అసలు పాఠమే వినరు. ఎప్పుడు ఇంటికి పోదామా అని వేళ్ళు లెక్కపెట్టుకుంటారు. చెల్లెలికేమో సీనియర్ని ఇచ్చారు. ఇదేం న్యాయం?”

“సరే, రేపు మీ ఇద్దరి పాఠాలకూ నేనే కూర్చుంటాను. ఆయన్ని ఇవాళే పంపించేస్తాలే. ఎటూ మీ క్లాసు టీచరు వచ్చేస్తోంది.”

లీవు మాస్టారు పరిశీలన పుస్తకం తెచ్చి అక్క చేతిలో పెట్టాడు.

“వెళ్ళొస్తానమ్మా. ఆ పాప…”

“మంచిదండీ,” అంది అక్క, తలెత్తకుండానే.

మర్నాడు బోర్డు నిండా రైలు గీసింది. ఎనిమిది పెట్టెలు, కిటికీలు, పొగతో సహా. పిల్లలు కళ్ళార్పలేదు.

“ఎనిమిది పెట్టెల్లో రెండు ఖాళీ. రైల్లో ఎన్నో వంతు ఖాళీ?”

గదిలో నిశ్శబ్దం. వెనక హెడ్మిస్ట్రెస్. పక్క గదిలో చెల్లెలి పాఠం అప్పుడే అయిపోయింది, బాగా జరిగింది కూడా.

“నాలుగో వంతు!” అక్క తనే చెప్పేసింది.

కిటికీ పక్క పాప అప్పుడే తెరిచిన నోరు మూసేసింది.

ఇంకో ప్రశ్న. ఇంకో నిశ్శబ్దం. మళ్ళీ జవాబు అక్కదే. పాఠం ముగిసేసరికి ప్రశ్నలు అయిదు, అక్క చెప్పిన జవాబులూ అయిదే.

“పాఠం నువ్వే చెప్పావు, నువ్వే అప్పజెప్పావు. మరి పిల్లలు?” అంది హెడ్మిస్ట్రెస్.

ఉద్యోగం చెల్లెలికి వచ్చింది.

బస్సులో అక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది. చెల్లెలు సంతోషాన్ని దాచుకోవడానికి ఫోను తీసింది.

“అయ్యో, నిన్న సాయంత్రమే కొత్త పోస్టు పెట్టారక్కా. పరీక్ష హడావిడిలో చూడనేలేదు.”

చదువుతూ చదువుతూ మధ్యలో ఆగింది. “ఎవరో ట్రైనీని చూసి ఈ బ్లాగు టీచరు అసూయపడ్డారట! ఎంత అదృష్టవంతురాలో! నిజం చెప్పనా? నాకు కుళ్ళుగా ఉంది.”

“నువ్వే అయ్యుంటావులే. అన్నీ నీకేగా!”

అక్క ఫోను లాక్కుంది.

‘నెల రోజులుగా ఒక ట్రైనీ అమ్మాయి పాఠం వింటున్నాను. ఆమె బోర్డు మీద బొమ్మ గీస్తే కళ్ళన్నీ అక్కడే. ముప్ఫై ఏళ్ళలో నాకు అబ్బని విద్య అది. ఈ వయసులో అసూయపడ్డాను. ఆ అసూయతోనే, చెప్పాల్సిన ఒక్క మాట తిన్నగా చెప్పకుండా నానబెట్టాను. ఇవాళ నన్ను ఆ క్లాసు నుంచి పంపేశారు. నేను పాడుచేసిన ఆఖరి పాఠం ఇది. ప్రశ్న అడిగాక, చివరి బెంచీలో నేను మూడో వేలు ముడిచేలోగా ఆ అమ్మాయి జవాబు తనే చెప్పేస్తుంది. కిటికీ పక్క పాప నాలుగో వేలికి నోరు తెరుస్తుంది.’