అడిలైన్ క్రాస్ శాపం

“రేపు ఆ మాట నలుగురిలో అన్నావంటే, ఎల్లుండికి వేరే గది చూసుకో” అంది రోజీ, టీ కప్పు బల్ల మీద పెడుతూ.

ఉజ్వల కంగారుపడింది. డబ్లిన్‌లో ఉద్యోగమైనా దొరుకుతుంది గానీ గది దొరకదు. నాటకాల మీద పీజీ చేస్తానని పలాస నుంచి వచ్చిన పిల్ల, నానా తంటాలూ పడి చెర్రీవుడ్ దగ్గర ఈ పాత ఇంట్లో తల దాచుకుంది. రోజీ ఎనభై దాటిన మనిషి. ఇక్కడ అందరూ ఆవిణ్ణి పేరు పెట్టే పిలుస్తారు. ఉజ్వలకు నోరు రాక ఆంటీ అంటుంది. ఏం చెప్పినా బాగుందన్నట్టు ‘గ్రాండ్’ అనే రోజీ ఇవాళ ఆ మాటే ఎత్తడం లేదు.

గొడవంతా అడిలైన్ క్రాస్ గురించి. నూరేళ్ళ కిందట న్యూయార్క్ నాటకాలను ఏలిన నటి, రోజీకి సొంత అమ్మమ్మ. ఎక్కడ పుట్టిందో, ఎవరి పిల్లో ఎన్నడూ చెప్పుకోలేదు. ఐరిష్ మనిషిని పెళ్ళాడి, రంగస్థలానికి దణ్ణం పెట్టి, ఈ ఇంట్లోనే కన్నుమూసింది. ఆవిడకు పేరు తెచ్చిన వేషం హిందూ రాణి. ఒంటికి గోధుమరంగు పూసుకుని, చీర చుట్టుకుని, చివరి అంకంలో దొరను శపించేది. ఆ శాపం కోసమే జనం ఎగబడేవారట. ముందు వరసలో ఆడవాళ్ళు సొమ్మసిల్లేవారట.

రేపు యూనివర్సిటీలో ఉజ్వల చదవబోయే పత్రం ఆవిడ మీదే. మనల్ని వెక్కిరించి పొట్టపోసుకున్న మనిషి అని మొహమాటం లేకుండా రాసింది. ఈ ఊళ్ళోనే స్థిరపడిన తెలుగావిడ సావిత్రి ఆంటీకి ఫోన్ చేస్తే, ఆ ఒక్క ముక్క కొట్టేయమంది. ముందు నెత్తిన కప్పు చూసుకోవాలనీ, నిజం ఎక్కడికీ పోదనీ హితవు చెప్పింది. ఉజ్వలకు ఆ హితవు ఎక్కలేదు.

“మా అమ్మమ్మ ఎవర్నీ వెక్కిరించలేదు” అంది రోజీ.

ఉజ్వలకు జాలేసింది. అయినా తగ్గలేదు. అప్పటి పత్రికలన్నీ తిరగేశానంది. ఆ శాపం ఏ భాషా కాదని, నోటికొచ్చిన కూతలు తానే కల్పించుకున్నానని అడిలైనే విలేకరులకు చెప్పుకుందని గుర్తు చేసింది.

“రంగు పూసుకుంటే పూసుకుంది ఆంటీ, ఆ రోజుల్లో అందరూ పూసుకున్నారు. మా మాటల్ని మాత్రం ఉత్త అరుపులు చేసి పారేసింది. నాకు నొప్పెట్టింది అక్కడ.”

“నువ్వు విన్నావా దాన్ని?”

“ఎలా వింటాను? రికార్డులే లేవు కదా.”

“నేను విన్నాను. నాకు వచ్చు కూడా.”

ఐర్లండ్ ఇళ్ళలో చుట్టాలు చేరితే తలా ఒక పాటో పద్యమో వినిపించాలి. పార్టీ పీస్ అంటారు. రోజీ వంతుకు ఈ శాపమేనట. చిన్నప్పుడు అమ్మమ్మ ఒళ్ళో కూచోబెట్టుకుని నేర్పిందట. అక్షరం తప్పితే మళ్ళీ మొదటికి. దీనికి అర్థమేమిటని అడిగితే, అర్థమేమీ లేదు, నువ్వు మాత్రం మర్చిపోకు అనేదట. ఇప్పటికీ క్రిస్మస్‌కి రోజీ అది చెబితే పిల్లలు బల్లల కింద దూరతారట.

“విని, అప్పుడు చెప్పు ఏమనాలో” అని రోజీ కుర్చీ పట్టుకుని లేచింది.

సరే, ఈ ముచ్చటా కానిద్దామనుకుంది ఉజ్వల. వినయంగా చెంపకు చెయ్యి ఆనించి కూచుంది. గది పోతే పోయింది, రాసిన మాట మాత్రం మార్చకూడదని లోపల గట్టిగా అనుకుంది.

రోజీ కళ్ళు పెద్దవి చేసి, చెయ్యెత్తి, ఇల్లు దద్దరిల్లేలా శపించింది. నాలుగు ముక్కలే.

ఉజ్వల చెంప మీది చెయ్యి తీసేసి నిటారుగా కూచుంది. తాను విన్నది నిజమేనా అని భయం వేసింది. మళ్ళీ ఒకసారి చెప్పమని చేత్తోనే సైగ చేసింది.

పిల్ల బెదిరిందని రోజీకి ఎక్కడలేని గర్వం వచ్చింది. ఈసారి తాపీగా, ఒక్కొక్క ముక్కా విడదీసి, అమ్మమ్మ నేర్పింది నేర్పినట్టు పలికింది.

“ఓలమ్మా... నన్నొగ్గీసి ఎల్లిపోకే... నానింక కూడడగనే...”