నీలం పోర్టు

“వెనక పోర్టులు పనిచేయట్లేదు. ముందుదాంట్లోనే పెట్టు,” అన్నాడు దర్జీ.

అతని భార్య కొత్త డ్రైవు వైరును కంప్యూటరు ముందువైపు పోర్టుకు తగిలించింది. కాపీ అవడానికి నాలుగు గంటల పది నిమిషాలు పడుతుందని తెర మీద కనబడింది. ఆమె నిట్టూర్చి కుర్చీ లాక్కుంది. మధ్యాహ్నం బస్సు పోయినట్టే, ఇక సాయంత్రం బస్సుకే అక్క దగ్గరికి వెళ్ళాలంది. మళ్ళీ ఈ గడప తొక్కే పని లేకుండా తన పదకొండేళ్ళ రికార్డింగులు పట్టుకుపోవడానికే వచ్చింది.

ఆమె కొత్త డ్రైవు తీసుకుని వస్తానని ఫోన్ చేయగానే దర్జీ కంప్యూటరును రిపేరు షాపుకు మోసుకెళ్ళాడు. అక్కడి మెకానిక్ అంతా విడమరిచి చెప్పాడు. కొత్త డ్రైవు ముందున్న పాత పోర్టుకు పెట్టినా పనిచేస్తుందట, కాకపోతే నత్తనడక. వెనకాల నీలం రంగు పోర్టు ఒకటి ఉందనీ, అందులో పెడితే ముప్పావు గంటలో తేలిపోతుందనీ కూడా అన్నాడు. ఇంటికి రాగానే దర్జీ ఆ పెట్టెను వెనక్కి జరిపి గోడకు ఆనించేశాడు. మూడు నెలలుగా మూగబోయిన ఇంట్లో ఆమె నాలుగు గంటలు కూర్చుంటుందంటే, ఒక్క అబద్ధం ఆడితే ఆడాననుకున్నాడు.

ఆమె చూపులేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేస్తుంది. ఆమె చదివినంతసేపూ అతను కుట్టుమిషను ఆపి చేత్తో కాజాలు కుట్టుకునేవాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి మాత్రం, స్కూలు యూనిఫారాల తొందరలో మిషను ఆపలేదు. ఆమె ఆపమంటే, గోడలకు చదువుతున్నావు, ఎవరు వింటారులే అనేశాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. మర్నాడే ఆమె సంచి సర్దుకుంది.

మొదటి గంట ఇద్దరూ తెరనే చూస్తూ కూర్చున్నారు. రెండో గంటలో అతను టీ పెట్టి, చక్కెర వేయడం మరిచిపోయాడు. ఆమె అలాగే తాగేసింది. మూడో గంటలో మాత్రం అతని కాలరు చిరుగు చూసి ఊరుకోలేకపోయింది. ఊరందరి బట్టలూ కుడతారు, మీది కుట్టుకోవడానికి తీరిక లేదా అని అడిగింది. ఎవరికోసమని అన్నాడతను.

“నువ్వు వెళ్ళాక నీ రికార్డింగులు రోజూ వింటున్నాను,” అన్నాడు చివరికి. “మిషను ఆపి వింటున్నాను. విననిది గోడలు కాదు, నేనే.”

ఆమె కళ్ళు తుడుచుకుని తెరవైపు తిరిగింది. కాపీ అయిపోయింది. ఆమె వైరు తీసి చుట్టడం మొదలుపెట్టింది. వెళ్ళేదెలాగూ వెళుతుంది, అబద్ధం మిగిల్చి పంపడం ఎందుకని దర్జీకి అనిపించింది.

“వెనకాల నీలం పోర్టు బాగానే ఉంది. నిన్ను కాసేపు ఉంచుకోవాలని దాచాను. తప్పు నాదే.”

ఆమె చుట్టిన వైరును బల్ల మీద పెట్టింది.

“ఆ నీలం పోర్టును షాపులో వేయించింది నేనేనండీ.”