కొత్త మోడల్ వచ్చేదాకా

సాంబమూర్తిగారి డబ్బు కొట్టేయడానికి మహిపాల్‌కి అడ్డం వచ్చింది పోలీసులు కాదు, బ్యాంకువాళ్లూ కాదు. సాంబమూర్తిగారి కంప్యూటర్.

మహిపాల్‌కి దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ హాస్టల్ మేడ మీద గది ఉంది. అక్కడ కూర్చుని, కంప్యూటర్ సెక్యూరిటీ ఆఫీసర్నంటూ ఊళ్లోవాళ్లకి ఫోన్లు చేయడం అతని వృత్తి. మీ కంప్యూటర్‌లో వైరస్ ఉందని భయపెడతాడు. బాగుచేస్తానని ఓ ప్రోగ్రామ్ పెట్టిస్తాడు. ఆ తర్వాత వాళ్లు బ్యాంకు ఖాతా తెరవగానే ఊడ్చేస్తాడు. నల్గొండ యాస బయటపడకూడదని టీవీలో వార్తలు చదివేవాళ్ల తెలుగు కూడా కష్టపడి నేర్చుకున్నాడు. ఆ కష్టం ఏ ఉద్యోగంలో పడ్డా ఈపాటికి రెండు ప్రమోషన్లు వచ్చేవి.

సాంబమూర్తిగారిది కాకినాడ. ఇరిగేషన్‌లో రిటైరై ఎల్బీనగర్‌లో ఫ్లాట్ కొనుక్కున్నారు. మిగిలిందంతా బ్యాంకులోనే ఉందని మొదటి ఫోన్‌లోనే ఆయనంతట ఆయనే చెప్పేశారు. ఆ పూట మహిపాల్‌కి సంతోషంతో అన్నం సహించలేదు.

"మీరు చెప్పిన ప్రోగ్రామ్ పెడతాను బాబూ, దానికేం. కానీ మా కంప్యూటర్ ఆన్ అయ్యేలోపు నా స్నానం, పూజ రెండూ అయిపోతాయి. లైన్లో ఉంటారా?" అన్నారాయన.

మహిపాల్ ఉన్నాడు. గంటసేపు ఆయన పూజంతా విన్నాడు. హారతి అయ్యాక ప్రోగ్రామ్ సగం దాకా ఎక్కి ఆగిపోయింది. మెమొరీ చాలలేదట.

కంపెనీ ఉచిత సేవ అని చెప్పి మర్నాడే మెమొరీ కొరియర్‌లో పంపించాడు. వారం తిరిగేసరికి హార్డ్ డిస్క్ నిండిపోయిందన్నారు. అదీ పంపించాడు. ఆ పై వారం కంప్యూటర్ అసలు లేవడమే మానేసిందని, కొత్తది కొనక తప్పదని చల్లగా చెప్పారు.

మహిపాల్ అసలు కష్టాలు అక్కడ మొదలయ్యాయి. సాంబమూర్తిగారు ఇప్పుడు కొనాలా, ఆగాలా అన్న మీమాంసలో పడ్డారు. రోజుకో షాపు ఎక్కి దిగి, అక్కడిచ్చిన కాగితాలన్నీ తెచ్చుకుని, ఫోన్‌లో మహిపాల్‌కి చదివి వినిపించేవారు. ఇప్పుడు కొంటే దసరాకి ధర తగ్గుతుందేమో. దసరాకి కొంటే కొత్త ఏడాదిలో కొత్త చిప్ వస్తుందట. కొత్త చిప్ దాకా ఆగితే అప్పటికి మెమొరీ ధరలు మండిపోతాయట.

"పెద్ద కంపెనీలో ఉన్నారు, మీ సలహా ఏమిటి బాబూ?" అని రోజూ అడిగేవారు.

"కొనేయండి సార్. ఎప్పుడు కొన్నా మర్నాడు అంతకంటే మంచిది వస్తూనే ఉంటుంది. ఆగితే ఆగుతూనే ఉంటాం."

మహిపాల్ తన వృత్తి జీవితంలో చెప్పిన మొదటి నిజం అదే. సాంబమూర్తిగారు దాన్ని మాత్రం నమ్మలేదు.

రెండు నెలలు గడిచాయి. ఈయన ఒక్కడితోనే సరిపోతుండటంతో మిగతా ఫోన్లన్నీ మూలపడ్డాయి. మహిపాల్ ముఖం పీక్కుపోయింది. భర్త ఏదో సర్వీస్ సెంటర్‌లో నిజాయితీగా చేసుకుంటున్నాడనుకునే జ్యోతిక ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"గా పెద్దాయన కోసం గింత పరేషాన్ ఎందుకు? నీ లాప్‌టాపే ఇచ్చెయ్యరాదు. పుణ్యమొస్తది."

మహిపాల్‌కి కళ్లు తెరుచుకున్నట్టయింది. ఆ లాప్‌టాప్ అతని సర్వస్వం. మనుషుల జాబితాలు, నంబర్లు, వ్యాపారమంతా అందులోనే ఉంది. అది పోతే రేపట్నుంచి పని లేదు. కానీ ఆ ముసలాయన ఒక్కసారి దాంట్లో బ్యాంకు ఖాతా తెరిస్తే ఇక జన్మలో పని చేయాల్సిన అవసరమే లేదు. దాంట్లో ఉన్నదంతా తుడిచేశాడు. తన ప్రోగ్రామ్ ముందే ఎక్కించాడు. నీలం చొక్కా వేసుకుని, మెడలో ఓ కార్డు తగిలించుకుని, కంపెనీ టెక్నీషియన్ వేషంలో మెట్రో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగాడు.

సాంబమూర్తిగారు ఎదురొచ్చి మరీ లోపలికి తీసుకెళ్లారు. కాఫీ ఇచ్చారు. అపార్ట్‌మెంట్ రూలని చెప్పి ఓ కాగితం ముందు పెట్టారు. వస్తువు పూర్తిగా ఉచితంగా ఇస్తున్నామని, తిరిగి అడగబోమని అందులో రాసి ఉంది. మహిపాల్ నవ్వుతూ సంతకం పెట్టాడు. ఆయన లాప్‌టాప్‌కి కొత్త పాస్‌వర్డ్ పెట్టుకుంటుంటే మర్యాదగా మొహం కూడా పక్కకి తిప్పుకున్నాడు.

"ఇగ ఒక్కసారి మీ బ్యాంకు ఖాతా తెరవుండ్రి సార్, అంతా సేఫ్‌గ ఉందో లేదో చూస్త," అన్నాడు. ఆత్రంలో టీవీ తెలుగు ఎటు పోయిందో అతనికే తెలియదు.

సాంబమూర్తిగారి వేలు మీట దాకా వెళ్లింది. రెండు నెలల చాకిరీ, ఉన్న ఒక్క లాప్‌టాప్, ముందున్న బతుకంతా ఆ వేలి కిందే ఉన్నాయి.

వేలు వెనక్కి వచ్చింది. "ఒక్క నిమిషం బాబూ. మా ఆవిడ చూసి సరేననకుండా మా ఇంట్లో ఏదీ వాడం," అని ఆయన వంటింటి వైపు కేక వేశారు.

కుసుమకుమారిగారు కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చారు. లాప్‌టాప్‌ని అటూ ఇటూ తిప్పి, అడుగున అంటించిన కాగితం చదివి, మెమొరీ ఎంతని అడిగారు. పదహారు జీబీ అని మహిపాల్ గర్వంగా చెప్పాడు. ఆవిడ పెదవి విరిచి భర్త వైపు తిరిగారు.

"ఏవండీ, దీంతోనే సరిపెట్టుకుందామా, లేక మన కరెంటు కట్ చేస్తానని రోజూ ఫోన్ చేసి బెదిరిస్తున్న అబ్బాయి ముప్ఫై రెండుది పంపిస్తానన్నాడుగా, అది వచ్చేదాకా ఆగుదామా?"