తెర మీది జడ

"జడ ఏదీ?"

ఉదయలక్ష్మి అడిగింది రెండే మాటలు. గ్రీన్‌రూమ్‌లో ఉన్న పిల్లలంతా పౌడర్ డబ్బాలు కింద పెట్టేశారు.

జోస్నా గుమ్మంలోనే ఆగిపోయింది. నిన్న సాయంత్రం దాకా నడుము దిగి ఊగిన జడ ఇప్పుడు లేదు. మెడ మీద జుట్టు ఎలుకలు కొరికినట్టు ఎగుడుదిగుడుగా ఉంది. చేతిలో న్యూస్‌పేపర్ చుట్టిన పొట్లం ఒకటి పట్టుకుంది.

"కట్ చేసిన మేడమ్."

"కనిపిస్తోంది, నాకు కళ్ళున్నాయి. ఎందుకు చేశావని అడుగుతున్నా."

జోస్నా పొట్లం ముందుకు చాపింది. ఉదయలక్ష్మి దాన్ని లాక్కుని అద్దం ముందున్న బల్ల మీదికి విసిరేసింది.

"చేసేదంతా చేసి, ఏదో తెచ్చి చేతిలో పెడితే కరిగిపోతాననుకున్నావా?"

కోపం రాదూ మరి. దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనక, మేడ మీద గదిలో ఇరవై ఏళ్ళుగా పాటా నాట్యం నేర్పుతోంది ఆవిడ. సొంతంగా రాసుకున్న సంగీత నాటిక స్టేజీ ఎక్కడం ఇదే మొదలు. ఎల్బీనగర్‌లో ఈ హాలు దొరకడానికే ఏడాది పట్టింది. ఆరింటికి తెర లేవాలి. అప్పుడే నాలుగున్నర దాటింది.

నాటికలో రాజనర్తకి వేషం మొదటి సగం జోస్నాది, రెండో సగం అమలది. చూసేవాళ్ళకి ఇద్దరూ ఒక్కరే అనిపించాలని ఒకే తానులోంచి మిరపపండు రంగు పట్టు కోయించి ఇద్దరికీ కుట్టించింది. పాపిట దగ్గర్నుంచి కాలి పారాణి దాకా వెంట్రుకవాసి తేడా ఉండకూడదని నెలరోజులు పిల్లల ప్రాణాలు తోడేసింది. అసలు నాటిక మొదలయ్యేదే జడతో. నర్తకి తెర వెనక నిలబడి తన జడ తెర మీదికి విసిరి, "నన్ను మించి ఆడిపాడేవాళ్ళుంటే రండి, ఈ జడ కోసుకుపోండి" అని సవాలు చేస్తుంది. పాత కూచిపూడి భాగవతుల పద్ధతి అది. సవరం పెడితే విసిరినప్పుడు ఊడి తెర మీదే వేలాడుతుందన్న భయంతో, సొంత జుట్టున్న ఇద్దరినే ఏరుకుంది.

దానికి తోడు నిన్నటి రిహార్సల్ పుణ్యమా అని మోకాళ్ళు రెండూ సలుపుతున్నాయి. ఎంత చెప్పినా వీళ్ళకి ఎక్కక, చీర బిగించి తనే గజ్జె కట్టాల్సొచ్చింది. ఆ పది నిమిషాలూ అందరూ కళ్ళప్పగించి కూర్చున్నారు తప్ప ఒక్కరూ కిక్కురుమనలేదు. ఒక్కదాని బుర్రకీ ఎక్కినట్టు లేదు. పెళ్ళయ్యాక ఆవిడని ఇంట్లోవాళ్ళు స్టేజీ ఎక్కనివ్వలేదు, ఎక్కుదామనుకునే నాటికి మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఆ కోపమంతా పిల్లల మీద తీర్చుకుంటుందని గిట్టనివాళ్ళు అంటారు. గిట్టినవాళ్ళూ అంటారు.

జోస్నా వాళ్ళమ్మ పుష్పలత ఆయాసపడుతూ లోపలికి వచ్చింది.

"నన్ను తిట్టకుండ్రి మేడమ్. పొద్దుగాల లేచి చూస్తే గిట్లుంది. వాళ్ళ నాయన ఒకటే పరేషాన్. ఎందుకే అంటే నోరు తెరుస్తలేదు."

"ఎందుకు తెరుస్తుందండీ? డిగ్రీ కాలేజీలో కాలు పెట్టింది కదా. ఫ్యాషన్."

"ఫ్యాషన్ గాదు మేడమ్," అంది జోస్నా.

"నువ్వు నోర్ముయ్."

ఉదయలక్ష్మి గడియారం చూసింది. కోపాన్ని గుటక వేసి, "అమలా, మీ అన్నయ్యకి ఫోన్ చెయ్యి. చైతన్యపురిలో ఎక్కడైనా సవరం దొరికితే పట్టుకురమ్మను. పిన్నులు గట్టిగా కొడదాం, ఏంచేస్తాం," అంది.

"నాకు సవరం వద్దు మేడమ్," అంది జోస్నా. "నేను ఆ జడ ఎయ్య. ఆ మాట ఇగ నేను అనొద్దు."

"అనొద్దా? ఎలా అనాలో నిన్నంతా గొంతు చించుకున్నానే. తడిబట్ట దండెం మీద ఆరేసినట్టు వేస్తున్నావు, అలా కాదు, అది పందెం, మనసులో నిజంగా ఉండాలి అని చెప్పానా లేదా?"

"చెప్పిండ్రు మేడమ్."

"చెప్తే ఇదా నువ్వు చేసింది? ఇంక నువ్వు నాకొద్దు. అమలా, రెండు సగాలూ నువ్వే చెయ్యి. దాని డ్రెస్సు ఎవరూ తియ్యకండి, బీరువాలోనే ఉంచండి."

"సరే మేడమ్," అంది జోస్నా.

కన్నీళ్ళు లేవు, బతిమాలడం లేదు. అది చూసి ఉదయలక్ష్మికి ఒళ్ళు మండిపోయింది. బల్ల మీది పొట్లం అందుకుని గుమ్మం బయటికి విసరబోయింది. పేపర్ చిరిగి, లోపలున్నది కింద పడింది.

జడ. నూనె రాసి, నున్నగా దువ్వి అల్లి, రెండు కొసలా ఎర్రదారం కట్టి, కుచ్చులు కూడా పెట్టి ఉంది.

"దీన్నెందుకు తెచ్చావే?" అంది ఉదయలక్ష్మి.

"పందెం గదా మేడమ్. ఓడినోళ్ళు ఇయ్యాలె గదా."

ఉదయలక్ష్మి గిర్రున అమల వైపు తిరిగింది. "నువ్వేనా? ఏం కూశావు దీంతో?"

అమల ఏడుపు గొంతుతో, "నాకేం తెలీదండీ. అది నాకంటే ఎంత బాగా చేస్తుందో మీకు తెలుసు కదండీ," అంది.

అది నిజమే. జోస్నాని మించినవాళ్ళు ఆ గదిలో లేరని ఉదయలక్ష్మికి బాగా తెలుసు.

"మరెవరే? నిన్ను ఓడించిన ఆ మొనగత్తె ఎవరు? పేరు చెప్పు, దాని సంగతి నేను తేలుస్తా."

జోస్నా వంగి జడ తీసింది. అంటిన దుమ్ము దులిపి, రెండు చేతుల్లో పెట్టుకుని ఆవిడ ముందు నిలబడింది.

"నిన్న మీరే చేసి చూపిచ్చిండ్రు గదా, మేడమ్."